తెప్ప మునుగదు, పడవ మునుగును
(దాదరులో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



క్రిందటి సమావేశము ముగిసిన పిదప మన సభ్యులలో నొకరు నన్ను ప్రక్కకు పిలిచి, "ఊరిలో తమ్ముని పడవకు పెద్ద ఇంజను పెట్టించుటకు డబ్బు పంపదలచినాను, ఏ ఇంజను మంచిది?" అని యడిగిరి. త్రాళ్లు, బోల్టులు, రంగులు అమ్ముకొనువాడను గనుక నాకు తెలియునని వారి నమ్మకము. అక్కడనే బదులు చెప్పియుందును. కాని యిట్టి ప్రశ్నకే నేనొకసారి తొందరపడి బదులు చెప్పి చింతించితిని. అందుచేత నలుగురిలో చెప్పుట మేలని తోచినది.

మనలో పెక్కుమంది పెద్దలు తెలంగాణమునుండి వచ్చినవారు. ఈ నగరపు రోడ్లను, మేడలను కట్టిరి, మిల్లులలో పనిచేసిరి. వారికి మగ్గము తెలిసినంతగా కెరటము తెలియదు. అయినను శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చిన కుటుంబములును మన చాళ్లలో కలవు. ఇక్కడ కూడబెట్టిన రూపాయి అక్కడ వలగానో పడవగానో మారుచుండును.

ముందుగా తెప్పను గూర్చి చెప్పవలెను. మన ఉత్తర తీరమున తాతలనాటి తెప్ప యనగా తేలిక కర్ర దుంగలను చేర్చి త్రాటితో కట్టినది. కెరటము మీదికి వచ్చినచో నీరు దుంగల సందులనుండి దానంతటదియే జారిపోవును. తలక్రిందులైనను తేలును. వేటనుండి వచ్చిన వెనుక కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టుకొందురు. చూచుటకు మోటుగా నుండును గాని మునుగుట యనునది దానికి తెలియదు. మసూలా పడవలోను అట్టి తెలివియే కలదు. దాని పలకలను మేకులతో బిగింపక కొబ్బరినార త్రాటితో కుట్టుదురు గనుక, అల కొట్టినపుడు పగులక వంగును.

ఇప్పుడు దుంగల స్థానమున ఫైబరు పడవలు వచ్చినవి. అవి తేలిక, కర్రవలె కుళ్లవు, మరమ్మతు సులభము. నేను వానికి విరోధిని గాను. అయితే ఫైబరు పడవ డొల్ల. నీరు నిండెనా, లోపల గాలిపెట్టె ఏదియు లేనిచో, అడుగునకు పోవును. మనము తెప్పను విడిచి పడవను తెచ్చుకొన్నపుడు ఆ తేలు గుణమును ఒడ్డుననే విడిచి వచ్చితిమి.

మా బావ భీమునిపట్టణమునకు దగ్గరి యొక పల్లెలో చేపలు పట్టువాడు. అతని పడవ యిరువదిమూడడుగులది, దానికి 10 హార్సుపవరు ఇంజను. ఒక యేడు 25 హార్సుపవరు ఇంజను కావలెనని వ్రాసెను. నేను మాటాడక డబ్బు పంపితిని. అమ్మినవాడు పడవను చూడలేదు, నేనును చూడలేదు. అమరమున, అనగా పడవ వెనుకభాగమున, బరువైన యంత్రము, దాని ప్రక్క పెట్రోలు డబ్బా, నడుపువాడు, అందరును ఒకేచోట! ఒకనాడు ఒడ్డునకు వచ్చుచు కెరటముల దగ్గర వేగము తగ్గించెను. వెనుకనుండి వచ్చిన అల అమరముమీదుగా లోనికి పొరలెను. రెండవ అలకు అమరము కూర్చుండెను, అణియము ఆకాశమును చూచెను. బావయు, అతని తమ్ముని కొడుకును ఖాళీ నూనెడబ్బాను పట్టుకొని తేలుచుండగా వేరొక తెప్పవారు వచ్చి ఎక్కించుకొనిరి. ఇంజను పోయినది. అక్కగారు నాకు వ్రాసిన ఉత్తరములో ఒక్క నిందావాక్యము లేదు. ఉండియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

పెద్ద ఇంజను వేగమును తెచ్చునా యనిన, వలలు, చేపలు నిండిన బరువైన పడవకు తెచ్చునది స్వల్పము. నీటిలో మునిగియుండు పొడవును బట్టి పడవకు సహజవేగము కలదు. ఇరువదిమూడడుగుల పొడవునకు అది ఆరు నాట్లకు కొంచెము పైన. దానిని దాటింపజూచినచో పడవ తాను లేపిన అలను తానే ఎక్కవలసి వచ్చును. నూనె మండును, అమరము క్రుంగును, దూరము మాత్రము అంతగా తరుగదు. ఇది యొక్క మన అనుభవము గాదు. 1952లో ఒప్పందము కుదిరి కేరళములోని నీందకరయందు సాగిన ఇండో నార్వేజియను పథకమువారు మొదట ఉన్న పడవలకే ఇంజనులు తగిలింపజూచిరి. అవి తగవని తేలగా, యంత్రమునకై వేరుగా పడవలను రూపొందించిరి. మద్రాసులో 1979లో మొదలైన బంగాళాఖాత మత్స్య పథకమువారును ఇసుకతీరమున దిగు పడవకు, ఒడ్డు తగిలినపుడు పంకాను పైకెత్తుకొను ఏర్పాటు చేయవలసి వచ్చెను.

ఇక చేతితో చేసికొనదగిన పని. ఇంజను తగిలించు వెనుకపలక రెండు పొరల మెరైన్ ప్లైవుడ్డుతో, బాగుగా ఆరిన పిదప, అతికింపబడవలెను. తడి చెక్కపై ఫైబరు వేసినచో లోపల కుళ్లు దాగియుండును, పైకి నిగనిగలాడును. బోల్టు రంధ్రముల అంచులనుగూడ రెసినుతో మూయవలెను. ఇంజను మరీ పైనున్నచో పంకా గాలిని పట్టును. పంకాకు పైనుండు అడ్డరేకు పడవ అడుగుతో సమముగానో, ఇంచుక క్రిందనో ఉండునట్లు ఎత్తు సరిచూడవలెను. రెసిను కలుపునపుడు ఒక హెచ్చరిక: గట్టిపరచు ద్రవమును, కోబాల్టు ద్రవమును నేరుగా ఒకదానితో నొకటి కలుపరాదు. ప్రేలును. రెంటిని వేరువేరుగా రెసినులోనే కలుపవలెను.

తేలుటకు లోపల ధర్మకోలు పెట్టుదమని మావాడు ధర్మకోలు దిమ్మలపై పాలిస్టరు రెసినును పూసెను. అర్ధగంటలో దిమ్మ కరిగి జిగురైనది! పాలిస్టరు రెసిను ధర్మకోలును కరగించును. పాలియూరిథేను నురుగు కరగదు గాని ఖరీదు. అంతకంటె సులభమైనది గట్టి మూతగల యిరువది లీటర్ల ఖాళీ డబ్బాలు. లెక్క చూడుడు: 300 కిలోల ఫైబరు డొల్ల నీటిలో సుమారు 100 కిలోలే తూగును. ఇంజను, లంగరు, ఇనుము కలిసి మరియొక 70. పట్టుకొని తేలు ముగ్గురు మనుష్యుల కొరకు కొంత మిగులవలెను. పదుమూడు డబ్బాలు 260 లీటర్లు, అనగా ఇంచుమించు 260 కిలోలను ఎత్తును. వానిని అడుగున కట్టరాదు, పడవ తిరుగబడును. రెండు ప్రక్కలను అంచు క్రిందుగా, అమరమువైపు ఎక్కువగా కట్టవలెను. ఎండకు ప్లాస్టిక్ పెళుసగును గనుక ఏటేట మార్చుకొనవలెను. ఇంజను ఆపు త్రాటిని నడుపువాడు మణికట్టునకు కట్టుకొనుట మరువరాదు. ఇంజను మార్చిన సంగతి మత్స్యశాఖవారి రిజిస్టరులో చేర్పించుకొనవలెను. 2008 నవంబరులో మన నగరముపైకి సముద్రమార్గమున వచ్చి జరిపిన దాడి తరువాత కాగితముల తనిఖీ ఎంత గట్టిపడినదో మీకు తెలియును.

బావ మరల పడవ కట్టించుకొనినపుడు పాత 10 హార్సుపవరు ఇంజనునే పెట్టుకొనెను. దానిని మొలలోతు నీటిలో నింపి, ముంచి చూడవలెనని నేను పట్టుబట్టితిని. క్రొత్త పడవను చేజేతుల ముంచుట అపశకునమని అత్తగారు ఒప్పుకొనలేదు. పెద్దలు చేరి, ముందు గంగమ్మకు పూజ, పిదప పరీక్ష యని తీర్మానించిరి. కొబ్బరికాయ కొట్టి, నలుగురు బిందెలతో నీరు పోసిరి. అంచులవరకు నిండినది. అత్తగారు కన్నులు మూసికొనిరి. పడవ నీటితో సమముగా నిలిచెను. బావ అందులో లేచి నిలువబడెను. అమరము నాలుగంగుళములు మాత్రము క్రుంగెను. మరి రెండు డబ్బాలు వెనుక కట్టిరి.

ఇటనుండి నడచిపోదగిన మాహిములోను, వర్లీలోను, జూన్, జూలై మాసముల నిషేధకాలమున కోలీ సోదరులు పడవలను ఒడ్డెక్కించి బాగుచేసికొనుట మీరు చూచియే యుందురు. మన తూర్పు తీరమున ఆ తీరిక ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు. నన్నడిగిన సోదరుడు డబ్బు పంపుటకు ముందు తమ్మునిచే మూడు కొలతలు వ్రాయించి తెప్పింపవలెను: పడవ పొడవు, వెనుకపలక ఎత్తు, ఇప్పటి ఇంజను బరువు. డబ్బాలు కట్టు తీరును బొమ్మ గీచి సంఘ కార్యాలయమున ఉంచితిని. సెలవులకు ఊరికి పోవువారు నకలు తీసికొని పోవచ్చును.