ముందు కాగితం మీద, తర్వాతే నోట



1986 జనవరి 27 రాత్రి ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి. తెల్లవారితే చాలెంజర్ వ్యోమనౌక ఎగరాలి. బూస్టర్ల అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు ఆ చలికి బిగుసుకుపోతాయని, బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థియోకాల్ ఇంజనీర్లు రోజర్ బోజొలే, ఆర్నీ థాంప్సన్ ఫోన్ సమావేశంలో మొత్తుకున్నారు. 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 12 సెల్సియస్ కన్నా తక్కువలో ప్రయోగం వద్దని సంస్థ కూడా మొదట చెప్పింది. నాసా అధికారులకు ఆ మాట రుచించలేదు.

థియోకాల్ వాళ్లు ఐదు నిమిషాలు అడిగి, ఫోన్ పక్కన పెట్టి, అరగంట తమలో తాము మాట్లాడుకున్నారు. థాంప్సన్ లేచి వెళ్లి అతుకు బొమ్మ గీసి చూపించాడు. పాత ప్రయోగాల్లో మసిబారిన అతుకుల ఫొటోలు బోజొలే పెద్దల ముందు పెట్టాడు. వినేవాళ్లు లేరని అర్థమై ఇద్దరూ ఊరుకున్నారు. ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమని ఇంజనీరింగ్ విభాగం పెద్దకు పైఅధికారి చెప్పాడు. ప్రయోగానికి సరేనని నలుగురు మేనేజర్లు తేల్చేశారు. ఇంజనీర్ల ఓటు ఎవరూ అడగలేదు.

మర్నాడు ఎగిరిన 73 సెకన్లకు చాలెంజర్ ముక్కలైంది. అందులోని ఏడుగురూ చనిపోయారు.

తర్వాత దర్యాప్తు కమిషన్ పాత ప్రయోగాలన్నిటినీ ఒకచోట పెట్టి చూసింది. 66 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడుసార్లే రింగులు దెబ్బతిన్నాయి. 63, అంతకు తక్కువలో జరిగిన నాలుగింటిలోనూ దెబ్బతిన్నాయి. ఈ అంకెలన్నీ ముందురోజుకే చేతిలో ఉన్నాయి. రింగులు బాగున్న ప్రయోగాలను కూడా కలిపి పట్టిక వేద్దామని ఆ హడావుడిలో ఎవరికీ తోచలేదు.

ఇలాంటి చర్చకు పనికొచ్చే పద్ధతి అప్పటికే ఉంది. పరిశోధకులు ఆండ్రే డెల్‌బెక్, ఆండ్రూ వాన్ డి వెన్ 1971లోనే దాన్ని ప్రచురించారు. మొదట అందరూ మౌనంగా ఎవరి ఆలోచన వారు రాసుకుంటారు. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కో అంశం చెబుతుంటే బోర్డు మీదికి ఎక్కుతుంది. అప్పుడు విమర్శ ఉండదు. ప్రశ్నలు ఆ తర్వాత. చివర్లో ఎవరి ఓటు వారు రాసిస్తారు. మొదట విడిగా రాయడం ఎందుకంటే, కలిసి కూర్చున్న నలుగురి కన్నా విడివిడిగా ఆలోచించిన నలుగురికే ఎక్కువ ఆలోచనలు వచ్చాయని 1958లో యేల్ పరిశోధకులు తేల్చారు.

మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. పని మొదలుపెట్టకముందే అది చెడిపోయిందని అనుకుని, ఎందుకు చెడిందో అందరూ రాయాలి. అప్పుడు లోపం చెప్పినవాడు అడ్డుపుల్ల వేసినవాడు కాడు, అప్పజెప్పిన పని చేసినవాడు అవుతాడు. పెద్దలకు ఎదురుచెప్పడం మర్యాద కాదనుకునే మన ఆఫీసుల్లో ఇది మరీ అవసరం.

పని మొదలుకాకముందే అందరిచేతా నోరు విప్పించడాన్ని వైద్యులు ఆచరించి చూపారు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో, కోత పెట్టేముందు గదిలోని అందరూ తమ పేరు, పని చెప్పుకోవడం లాంటి అంశాలున్న చెక్‌లిస్టును పాటించాక, శస్త్రచికిత్స మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న యువ ఇంజనీర్లలో చాలామంది త్వరలోనే ఏదో ఒక మీటింగులో అందరికన్నా చిన్నవాళ్లుగా కూర్చుంటారు. మాటలు మొదలయ్యేలోపే, ఐదు నిమిషాలు రాసుకుందామని అడగవలసింది వాళ్లే. ఈ వేదిక మీది పెద్దల్లో రేపు వాళ్లకు ఉద్యోగాలిచ్చేవాళ్లూ ఉన్నారు. వారు ఆ కాగితాలన్నీ చదివాకే, అందరికన్నా ఆఖర్న నోరు విప్పాలి.