గేటునుండి గడపవరకు: ఆ బరువు ఎవరిది?

(జంషెడ్‌పూరులో నివసించు తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



వేతనములు, పింఛనులు, ఖాళీల భర్తీ వంటి సమస్యలను చర్చించు వేదికపై పార్శిలు పెట్టెను గురించి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆ పెట్టెను మోయువాడు మన సోదరుడు. దానికొరకు ఇంటివద్ద ఎదురుచూచువాడును మన సోదరుడే. ఒక పెట్టె ఇద్దరు కార్మికుల నడుమ తగవు పెట్టినప్పుడు సంఘము మౌనము వహించరాదని మా అభిప్రాయము.

మనవారు ఈ పట్టణమునకు వచ్చిన కథ మీకు తెలిసినదే. 1907లో ఉక్కు కంపెనీ స్థాపింపబడినది. సాక్చి గ్రామము 1919లో జంషెడ్‌పూరు అయినది. కాలీమాటి స్టేషను టాటానగరు అయినది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో చక్రధర్‌పూరు డివిజనుతోపాటు వాల్తేరు డివిజను కూడ ఉండెడిది. 2003లో తూర్పుకోస్తా రైల్వే ఏర్పడువరకు ఈ బంధము కొనసాగినది. ఆ విధముగా ఉత్తరాంధ్రనుండి వచ్చిన మనవారు కొందరు కర్మాగారమునందును, కొందరు రైల్వేయందును, కొందరు తపాలాయందును పనిచేసి ఇచ్చటనే స్థిరపడినారు.

ఉద్యోగమున్నంతకాలము క్వార్టర్లలో ఉన్నాము. పోస్టుమాను సైకిలు ఆపి, నాలుగడుగులు నడిచి, వాకిట నిలిచి పిలిచెడివాడు. పదవీ విరమణానంతరము అనేకులు సువర్ణరేఖ ఆవలి మాంగోలోను, ఖర్కాయి ఆవలి ఆదిత్యపూరులోను ఫ్లాట్లు కొనుక్కొన్నారు. ఇల్లు పైకి పోయినది. పోస్టుమాను మాత్రము నేలమీదనే ఉండిపోయినాడు.

మా భవనమునందు జరిగిన ఒక ఉదంతమును మనవి చేయుదుము. మాది నాలుగంతస్తుల భవనము, లిఫ్టు లేదు. నాలుగవ అంతస్తున ఒక రిటైర్డు రైల్వే గార్డుగారున్నారు. మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. వారి కుమారుడు విశాఖపట్టణమునుండి పిండి రుబ్బు గ్రైండరు పంపినాడు. పెట్టె బరువు 19 కిలోలు. పోస్టుమాను గేటువద్దనుండి ఫోను చేసి, “గార్డుగారూ, దయచేసి క్రిందికి రండి” అన్నాడు. “నాయనా, నేను దిగలేను. ఇంటికి చేర్చుటకే గదా డబ్బు కట్టినది” అని వీరన్నారు. “మిగిలిన పార్శిళ్లు సైకిలుమీద ఉన్నవి, కాపలా ఎవరుందురండీ?” అని అతడన్నాడు. పెట్టె తిరిగి పోస్టాఫీసునకు పోయినది. మూడవనాడు గార్డుగారు కుంటుకొనుచు ఆటోలో పోయి తెచ్చుకొని, కోపముతో ఫిర్యాదు వ్రాసినారు. పోస్టుమానును సంజాయిషీ అడిగినారు.

అప్పుడు మేము జోక్యము చేసికొని ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టినాము. ఇద్దరి మాటయు న్యాయమే! గార్డుగారు ఫిర్యాదును ఉపసంహరించుకొన్నారు. వెళ్లునప్పుడు పోస్టుమాను తన నడుముకు కట్టుకొన్న పట్టీని చూపినాడు. గార్డుగారు చాలసేపు మాటలాడలేదు.

తప్పు ఈ ఇద్దరిలో ఎవ్వరిదియు కానిచో, మరి ఎవరిది? ఈ ప్రశ్ననే సంఘము వేయవలసియున్నది.

మొదట చిరునామాను చూడుడు. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడు ఆరు అంకెలు పార్శిలును బట్వాడా కార్యాలయమువరకు చేర్చును. 2025లో తపాలా శాఖ డిజిపిన్ అను కొత్త సంకేతమును విడుదల చేసినది. అది దేశమును సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గళ్లుగా విభజించును. మంచిదే. కాని క్రింది ఇంటికిని, దానిపైననున్న నాలుగవ అంతస్తు ఇంటికిని సంకేతము ఒక్కటే! మెట్లు ఏ పటములోను లేవు.

ఆ మెట్లను లెక్కింతము. అంతస్తు ఎత్తు మూడు మీటర్లు, మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకొన్నచో అంతస్తునకు 20 మెట్లు. నాలుగవ అంతస్తునకు 80. ఒక పూటలో ఇట్టి ఇండ్లకు ఐదు పెట్టెలు చేర్చినచో 400 మెట్లు ఎక్కి, 400 మెట్లు దిగవలెను. ఈ శ్రమకు పనిలెక్కలో ఏ పద్దున్నది?

ఇక చార్జీ సంగతి. కొరియరు వ్యాపారమునందు తేలికైన పెద్ద పెట్టెకు దాని పరిమాణమునుబట్టి బరువు కట్టుదురు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి, సాధారణముగా ఐదువేలచే భాగింతురు. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టె నిజమైన బరువు తొమ్మిది కిలోలే అయినను 24 కిలోలకు చార్జీ పడును. వాహనములో పెట్టె ఆక్రమించు చోటుకు వెల కట్టుట వ్యాపారికి తెలిసినది. మెట్లమీద ఆ పెట్టె ఆక్రమించు మనిషి నడుమునకు వెల కట్టుట మాత్రము తెలియలేదు!

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ సెక్షను గాయము కలిగించగల బరువును కార్మికునిచే ఎత్తించుటను నిషేధించినది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున వృత్తి భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 127వ ఒడంబడిక, బరువును నిర్ణయించునప్పుడు పనిచేయు పరిస్థితులన్నింటిని లెక్కలోనికి తీసికొనవలెనని చెప్పినది. ఇరుకు మెట్లును, చీకటి మలుపును, జ్యేష్ఠమాసపు ఎండయు పరిస్థితులు కావా?

రైల్వే సోదరులకు ఇందులో సంబంధము లేదనుకొనరాదు. రైలు పార్శిలు స్టేషనునుండి స్టేషనువరకే సాగెడిది. రసీదు చూపి విడిపించుకొనుట, ఆలస్యమైనచో వార్ఫేజి కట్టుట, ఇంటికి మోసికొనిపోవుట గ్రహీత బాధ్యత. 2022-23 కేంద్ర బడ్జెటులో తపాలా, రైల్వే వ్యవస్థలను పార్శిళ్ల రవాణాకై అనుసంధానించుదుమని ప్రకటించినారు. అనగా రైలు తెచ్చిన పెద్ద సరకును తపాలావారు ఇంటికి చేర్చవలెను. ఈ కలయికను మేము స్వాగతించుచున్నాము; ప్రభుత్వ రంగమునకు పని పెరుగుట మనకు మేలే. కాని పని పెరిగి మనుషులు పెరుగనిచో ఆ మేలు ఎవరి వీపుమీదనో బరువగును.

మా భవనమున మేమొక చిన్న ఏర్పాటు చేసికొన్నాము. మెట్లక్రింద పాత సామానుతో నిండిన గదిని ఖాళీ చేయించినాము. ఒక కాటా, ఒక చక్రాల బండి, ఒక రిజిస్టరు ఉంచినాము. చిరునామాదారుడు వ్రాతపూర్వకముగా అధికారమిచ్చినచో, అతని పెద్ద పార్శిలును కాపలాదారు సంతకము చేసి తీసికొనును. సాయంత్రము భవనములోని యువకులు ఇద్దరేసి చొప్పున పైకి చేర్తురు. గార్డుగారే ఆ రిజిస్టరు చూచుచున్నారు. పోస్టుమాను వచ్చినప్పుడు మంచినీళ్లు ముందుగా అందును.

అయితే ఒక హెచ్చరిక. ‘గది ఉన్నది గనుక ఇంటి బట్వాడా అక్కరలేదు, మనుషులును అక్కరలేదు’ అని రేపు ఎవరైన అనవచ్చును. మన సౌజన్యము ఉద్యోగాల కోతకు సాకు కారాదు. కావున మా ప్రతిపాదనలివి:

1. నిర్ణీత బరువు మించిన పార్శిలును ఒక్క మనిషికి అప్పగించరాదు; ఇద్దరు మనుషులు, వాహనము, చక్రాల బండి ఇయ్యవలెను.

2. పనిభారము లెక్కించునప్పుడు అంతస్తులను, లిఫ్టు లేని భవనములను ప్రత్యేకముగా లెక్కింపవలెను.

3. పార్శిలు బుక్ చేయునప్పుడే అంతస్తు, లిఫ్టు వివరములు వ్రాయించుకొనవలెను.

4. బరువు కారణముగా చేరని పార్శిలునకు పోస్టుమానును బాధ్యుని చేయరాదు.

5. ఈ రక్షణలు గ్రామీణ డాక్ సేవకులకును, కాంట్రాక్టు హమాలీలకును, ప్రైవేటు కంపెనీల సంచులు మోయు యువకులకును వర్తింపవలెను. వారి నడుమును మన నడుము వంటిదే.

సోదరులారా! ఉత్తరము మోసిన చేతికి నేడు పెట్టె వచ్చినది. పెట్టెతోపాటు తోడు మనిషియు రావలెను. అంతవరకు మన భవనములలో, మన గేట్లవద్ద, ఆ రెండవ చేయి మనదే కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లుగాక!