తోడు



రాత్రి గోరువెచ్చని పాలలో ఒక చెంచా తోడు వేసినచో తెల్లవారుసరికి కుండెడు పెరుగు సిద్ధమగును. చిలుకూరు గృహిణులకు ఇది నిత్యకృత్యము. పాలను పెరుగుగా మార్చునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. సూక్ష్మజీవులన్నియు రోగకారకములు కావు. నాటి రష్యా సామ్రాజ్యములో జన్మించిన శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్, పెరుగులోని జీవులు ఆరోగ్యమునకు మేలొనర్చునని 1907లోనే వ్రాసెను. తగినంత తీసికొనినప్పుడు మేలు చేయు జీవులను నేడు ప్రోబయాటిక్స్ అనుచున్నారు.

కడుపులోని జీవులకును ఊపిరితిత్తులకును సంబంధమేమని సందేహము కలుగవచ్చును. శరీరమును రక్షించు కణములలో పెద్దభాగము ప్రేగుల గోడలలోనే యుండును. అచ్చటి సూక్ష్మజీవుల సహవాసమున శిక్షణ పొందిన కణములు రక్తమార్గమున ఇతర అవయవములకును చేరగలవు.

దీనికి ఒడిశా గ్రామములలో జరిగిన ప్రయోగమొకటి నిదర్శనము. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందము 4,556 మంది నవజాత శిశువులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు ఏడు దినములు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను జీవిని, దానికి ఆహారమగు ఒక విధమైన చక్కెరతో కలిపి యిచ్చెను. 2017లో ఫలితములు వెలువడినవి. మందు పొందని శిశువులలో నూటికి 9 మందికి సెప్సిస్ అను తీవ్రవ్యాధియో, మరణమో సంభవింపగా, పొందినవారిలో అది 5.4కు తగ్గెను. శ్వాసకోశ వ్యాధులును తగ్గినవి.

జలుబు, గొంతునొప్పి వంటి వానిపై జరిగిన 24 ప్రయోగములను కాక్రేన్ సంస్థ 2022లో సమీక్షించినది. ప్రోబయాటిక్స్ వాడినవారికి ఈ వ్యాధులు కొంత తక్కువగా వచ్చినవి. యాంటీబయాటిక్ మందుల అవసరమును తగ్గినది. అయినను సాక్ష్యము అంత బలమైనది కాదు.

ఒక జీవిపై రుజువైన గుణము మరియొకదానికి ఉండవలెనని లేదు. ఇంటి పెరుగు మంచి ఆహారమే. ప్రయోగమున వాడిన మందుతో అది సమానము కాదు. ఒడిశా వార్త విని పసికందునకు పెరుగు నాకింపరాదు. ఆరు మాసముల వరకు తల్లిపాలే ఆహారము. రోగనిరోధక శక్తి క్షీణించినవారు వైద్యుని అడుగకుండ ప్రోబయాటిక్ మందులు వాడరాదు.

దగ్గుతోనున్న బిడ్డ ఊపిరిని నిమిషముపాటు లెక్కింపుడు. రెండు మాసములలోపు శిశువుకు 60, ఏడాదిలోపు వానికి 50, అయిదేండ్లలోపు వానికి 40, లేక అంతకు మించినచో, డొక్కలెగురవేయుచున్నచో, తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. అప్పుడు మజ్జిగను నమ్మి జాగు చేయుట ప్రాణాపాయము.

పాలు లేని కుండలో తోడు వేసిన పెరుగు కాదు. టీకా, పుష్టికరమైన ఆహారము, సకాలవైద్యము పాల వంటివి; ప్రోబయాటిక్స్ వానికి తోడు మాత్రమే.