కుక్కతో కొండకు వెళ్లే ముందు

చెన్నై వాషర్‌మెన్‌పేట్ వాళ్లకు నాగలాపురం కొండలు, తడ దగ్గరి ఉబ్బలమడుగు మరీ దూరం కాదు. అయినా పెంపుడు కుక్కను అడవిలోకి తీసుకెళ్లకపోవడమే మేలు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతు డిస్టెంపర్ వైరస్‌కు బలయ్యాయి. అది చుట్టుపక్కల ఊరి కుక్కల నుంచే వచ్చిందని పరిశోధకులు భావించారు. "మా కుక్కకు టీకాలు వేయించాం, గొలుసు వదలం" అంటారా? టీకా జబ్బును ఆపుతుంది గానీ, మొరుగుడుకు జింకలు బెదరడాన్ని, వాసన పట్టి చిరుత రావడాన్ని ఆపదు.

అలాగని ఇంట్లోనే కట్టేయక్కర్లేదు. యజమాని ఒప్పుకున్న తోటలో గుడారం వేయండి. కుక్క ఒంటి వేడి ముఖ్యంగా రొప్పడంతోనే తగ్గుతుంది. మన ఉక్కపోతలో అదీ సరిగా సాగదు. అందుకే చలికాలపు ఉదయాలే నడకకు అనువు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి రాత్రిపూట సముద్రతీరం మాత్రం వద్దు.