చిన్న విమానాల ప్రొపెల్లరు – సంరక్షణ, భద్రత



పర్లకోట, పాములగౌతమి, ఇంద్రావతి నదులు కలిసే ఈ భామ్రాగడ్ ప్రాంతంలో రైలు ఎక్కని బాలలు ఎందరో ఉండవచ్చును; హెలికాప్టరు చప్పుడు ఎరుగనివారు అరుదు. 2024 ఎన్నికలలో గడ్చిరోలి జిల్లాలోని మారుమూల పోలింగు కేంద్రాలకు సిబ్బందిని హెలికాప్టర్లలో చేరవేశారు. అది దిగగానే అటువైపు పరుగెత్తడం బాల్యపు గుణం. ఆ పరుగును గురించి చెప్పుటకు ముందు, దానికి అన్నగారైన చిన్న విమానపు ప్రొపెల్లరు సంగతి తెలియవలెను.

ప్రొపెల్లరు వట్టి పంకా కాదు, గిరగిర తిరిగే రెక్క. ఈ రహస్యాన్ని గ్రహించిన రైట్ సోదరులు 1903లో కొయ్యతో తమ ప్రొపెల్లర్లను చెక్కుకొన్నారు. 1908 సెప్టెంబరు 17న అమెరికాలోని ఫోర్ట్ మయర్‌లో ఆర్విల్ రైట్ నడుపుతున్న విమానపు ప్రొపెల్లరు ఒకటి చీలి, చుక్కానిని బిగించిన తీగకు తగిలింది. విమానం కూలిపోయింది. ఆర్విల్ తీవ్రంగా గాయపడగా, వెంట ఉన్న లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ అసువులు బాశాడు. ఇంజను విమాన ప్రమాదంలో మరణించిన తొలి వ్యక్తి ఆయనే.

నలుగురు కూర్చొనే సెస్నా 172 వంటి విమానంలో ప్రొపెల్లరు అడ్డుకొలత సుమారు 1.9 మీటర్లు. నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే దాని కొన వేగం గంటకు దాదాపు 970 కిలోమీటర్లు. గణితం చదివేవారు సరిచూచుకొనవచ్చును. విమానమే అందులో నాలుగవ వంతు వేగంతో పోదు! అంత వేగంలో రెక్కను బయటికి లాగే బలం అపారం. గులకరాయి తగిలి పడిన గోరంత గంటు వద్ద ఆ ఒత్తిడి అంతా గుమికూడి, సన్నని పగులు మొదలై, ఒకనాడు కొన తెగిపోవచ్చును. అప్పుడు తూకం తప్పిన ప్రొపెల్లరు ఇంజనునే బిగింపుల నుండి పెకలించగలదు. అందుచేతనే ప్రతి ప్రయాణానికి ముందు పైలట్ రెక్కల అంచులను శ్రద్ధగా పరీక్షిస్తాడు. గంటు కనబడితే అనుమతి పొందిన మెకానిక్ ఆకురాయితో దానిని వాలుగా, నునుపుగా తీరుస్తాడు. లోతు మితిమీరితే ప్రొపెల్లరునే తొలగిస్తారు. కంకర నేలపై ఇంజను వేగం పెంచరు. కొయ్య ప్రొపెల్లరునైతే అడ్డంగా నిలుపుతారు. నిలువుగా ఉంచితే తేమ కింది రెక్కలోనికి దిగి తూకం చెడుతుంది. ఇక్కడి వానాకాలం ఎరిగినవారికి తేమను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆగి ఉన్న ప్రొపెల్లరును కూడ నమ్మరాదు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు. తాళంచెవి తీసినా, లోపల ఒక తీగ ఊడి ఉంటే, చేతితో కొంచెం తిప్పినంతనే ఇంజను అందుకొనవచ్చును. కనుక ప్రొపెల్లరుపై చేయివేసి ఫొటో దిగడం కూడ తగదు.

ఇక హెలికాప్టరు. దాని తోకవద్ద తిరిగే చిన్న రోటరు వేగంలో కంటికి ఆనదు. వెనుకనుండి ఎన్నడును సమీపించరాదు. పైలట్‌కు కనబడే ముందువైపు నుండి, ఆయన సైగ చేసిన తరువాతనే, తలవంచి వెళ్లవలెను. నేల వాలుగా ఉంటే పల్లపువైపు నుండి చేరవలెను. మెరకవైపున పై రెక్కలు తలకు తగిలేంత దిగువన తిరుగుతాయి. టోపీ గాని కండువా గాని ఎగిరిపోతే దాని వెంట పరుగెత్తరాదు. మేతకు వచ్చిన పశువులను, వాటి వెనుక వచ్చే చిన్నపిల్లలను పెద్దలు ముందుగానే దూరంగా తప్పించవలెను.