ఎవరి కథ? ఎవరి ముఖం?

కళలో రాజకీయాలెందుకని అడిగేవాళ్లకు మేం ఒక్క సినిమా గుర్తుచేస్తాం. చైనా రైతుల బతుకు మీద పెర్ల్ బక్ 1931లో 'ది గుడ్ ఎర్త్' నవల రాసింది. 1937లో హాలీవుడ్ దాన్ని సినిమా తీసింది. రైతు దంపతులుగా తెల్లవాళ్లు పాల్ మ్యూనీ, లూయీస్ రైనర్ రంగు పూసుకున్నారు. లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన చైనా సంతతి నటి అన్నా మే వాంగ్ ఆ భార్య పాత్ర కోరుకుంది. దక్కలేదు. తెల్ల నటుడి పక్కన ఆమె భార్యగా కనబడితే సెన్సారు నియమావళి ఒప్పుకోదట! సంసారంలో చిచ్చుపెట్టే రెండో భార్య వేషం చూపించారు. ఆమె కాదన్నది. ఆస్కార్ రైనర్‌కు పోయింది.

2022లో అమెరికా వాంగ్ బొమ్మతో నాణెం వేసింది. ఆమె 1961లోనే చనిపోయింది. బతికుండగా ఇవ్వని పాత్రకు నాణెం బదులవుతుందా? ఎవరి కథకు ఎవరి ముఖమో నిర్ణయించేదే రాజకీయం. దాన్ని వద్దనడమంటే, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించొద్దనడమే.