ఇల్లాలి విస్తరి

ఆహారమును గురించి మాటలాడునపుడు ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఏ వేళకు తినవలెను అని మనము ఆలోచింతుము. ఇంటిలో ఎవరి తరువాత ఎవరు తినుచున్నారను ప్రశ్న మాత్రము మనకు తోచదు. కాని ఒక కుటుంబమునకును అన్నమునకును గల సంబంధము ఆరోగ్యకరముగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఈ ప్రశ్నను మించిన గీటురాయి లేదు.

తెలుగు ఇండ్లలో అన్నమునకు గౌరవము ఎక్కువ. మెతుకు క్రింద పడినచో కన్నులకద్దుకొని తీసెడి పెద్దలను మనమెరుగుదుము. ఆకలిగొని వాకిట నిలిచినవానిని ఉత్తచేతులతో పంపరాదనునది మన గృహధర్మము. పందొమ్మిదవ శతాబ్దమున కోనసీమలోని లంకల గన్నవరములో, వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతము వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిని జనులు అన్నపూర్ణ యని కొనియాడిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. పెట్టెడి చేతికి మ్రొక్కుట మనకు తెలియును. ఆ చేయి తన నోటికి ఏమి అందించుకొనుచున్నదో చూచుట మనకు అలవాటు కాలేదు.

ఏదో ఒక ఇంటి రాత్రి భోజనమును తలచుకొనుడు. మొదట పిల్లలు, పిమ్మట పెద్దలు, ఇంటి యజమాని, అందరి తరువాత ఇల్లాలు. ఆమె కూర్చుండు వేళకు గిన్నెలలో ఏమి మిగులును? అన్నము మిగులును. అయిపోవునది కూర, అయిపోవునది పప్పు, అయిపోవునది పెరుగు. గిన్నె అడుగున అంటుకొన్న పోపును ఊడ్చుకొని, కొంచెము చారు పోసికొని, ఇంత ఆవకాయ వేసికొని ఆమె భోజనమైనదనిపించును. కడుపు నిండినది గనుక తిన్నదనియే అందరును అనుకొందురు. ఆమెయు అట్లే అనుకొనును. ఉద్యోగమునకు పోవు స్త్రీ సంగతి ఇంతకంటె మెరుగు కాదు. తెల్లవారి అందరి డబ్బాలు సర్ది, తాను నిలువుకాళ్లపై రెండు ముద్దలు మ్రింగి బయలుదేరును. నిన్నటి కూరను పారవేయుటకు మనసొప్పక దానిని తినునదియు ఆమెయే. అన్నమును వృథా చేయరాదను ధర్మము ఇంటిల్లిపాదిది. దాని బరువు మోయు కడుపు ఒక్కటి.

ఇందువలన కలుగు నష్టము శరీరములో లెక్కకు వచ్చును. రక్తమున ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్ తయారగుటకు ఇనుము కావలెను. భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2020లో ప్రకటించిన ప్రమాణములను బట్టి, యుక్తవయస్కుడైన పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము అవసరము. స్త్రీకి 29 అవసరము. ఋతుస్రావమున నెలనెల పోవు రక్తమే ఇందుకు ముఖ్యకారణము. తెల్లగా మరపట్టిన బియ్యములో ఇనుము స్వల్పము. అది పప్పులలో, ఆకుకూరలలో, సజ్జలలో, మాంసములో దొరకును. అనగా ఒకటిన్నర రెట్లు కావలసిన మనిషికే మనము అందరికంటె తక్కువ మిగుల్చుచున్నాము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 సంవత్సరముల వయసు గల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. దీనికి కారణములు పెక్కు గలవు. పేదరికము అందులో ఒకటి. కాని బియ్యపు బస్తాలకు కొరత లేని ఇండ్లలోను ఈ జబ్బు కలదు.

దీని చరిత్రలో మన తెలుగువారు గుర్తుంచుకొనదగిన ఘట్టమొకటి ఉన్నది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలకు గర్భదశలో వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. లోపము వారి తిండిలో ఉన్నదని గ్రహించి, ఈస్టు సారమునిచ్చి నయము చేసి, 1931లో ఆ విషయమును ప్రకటించెను. ఆ సారములోని గుణకారి ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసినది. 1941లో దానిని పాలకూరనుండి వేరుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకు అను అర్థము గల లాటిన్ మాటనుండి దానికా పేరు పెట్టిరి. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన పరిశోధకులకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఒక తెలుగువాని ఆధ్వర్యమున మందుగా మారిన ఆ వస్తువు మన పెరటి తోటకూరలో ఉన్నది. ఆ తోటకూర ఇల్లాలి విస్తరికి చేరకమునుపే అయిపోవుచున్నది.

మెట్లెక్కిన ఆయాసము, లేచి నిలిచిన కన్నులు తిరుగుట, ఏ పనియు చేయబుద్ధి కాకుండుట, ఇవి రక్తహీనత చూపు గురుతులు. వీనిని చూచి ఇంటివారు ఓపిక లేదందురు, వయసు వచ్చినదందురు, బద్ధకమనియు అందురు. ఒక్కసారి రక్తపరీక్ష చేయించినచో సంగతి తెలియును. హిమోగ్లోబిన్ నూరు మిల్లీలీటర్లకు 12 గ్రాములకు, గర్భిణికైనచో 11 గ్రాములకు తగ్గియుండిన వైద్యుని చూడవలెను. తగ్గిన రక్తము తిండి ఒక్కదానితో త్వరగా కోలుకొనదు. ఆయన ఇచ్చిన మాత్రలను విడువక వాడవలెను.

"మేమెవ్వరము ఆమెను ఆపలేదు, తానే తరువాత తినెదననును" అని కొందరు అనవచ్చును. నిజమే. ఆమెకు అది తల్లి నేర్పినది, అత్త ఇంట స్థిరపడినది. ప్రేమతో ఒకనాడు తన పాలు బిడ్డకు పెట్టుట త్యాగము. ముప్పది యేండ్లు ప్రతిదినము అట్లే జరిగినచో, అది ఆ ఇంటివారందరు కలిసి చేసిన ఏర్పాటు. దానిని చూచుచు పెరిగిన కొడుకు రేపు తన భార్యనుండి అదియే కోరును. కూతురు అదియే తన ధర్మమనుకొనును.

దీనిని మార్చుటకు ఖర్చు లేదు. వీలైనంతవరకు అందరును ఒకే పంక్తిని కూర్చుండి, ఎవరికి వారు వడ్డించుకొనవచ్చును. వీలుకానినాడు ఇల్లాలి పాలు కూర, పప్పు ముందుగనే తీసి వేరుంచవలెను. మిగిలినదానిని ఒక్కరే తినక అందరును తలా కొంచెము పంచుకొనవలెను. ఆకుకూర అన్నములో నిమ్మరసము పిండుకొనిన ఇనుము బాగుగ ఒంటబట్టును. భోజనముతో గాని, చేసిన వెంటనే గాని కాఫీ, టీ త్రాగిన అది తగ్గును. ఇక ఒక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని చాలన్నవారికి కొసరి కొసరి పెట్టుట కూడ మానవలెను. కడుపు నిండినవాని విస్తరిలో బలవంతముగ పడిన ఆ గరిటెడు కూర, ఇంకను తినని మనిషి పాలు.

ఈ రాత్రి మీ ఇంట వడ్డన మొదలుకాకమునుపు ఒక గిన్నెలో కూర తీసి మూత పెట్టుడు. అది ఎవరికని పిల్లలు అడిగినచో అమ్మకని చెప్పుడు.